మేడమీది తెర: మాగుంట లేఅవుట్‌లో ఫుట్‌బాల్ చూపే టిఫిన్ హోటలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో, పెద్ద రోడ్డు మీద కాకుండా లోపలి వీధిలో, నేను 2022 నుంచి వెళ్తున్న ఒక టిఫిన్ హోటలు ఉంది. కింది భాగం అన్ని హోటళ్లలాంటిదే. పక్కనున్న ఇనుప మెట్లెక్కి మేడ మీదికి వెళ్తే, రేకుల కప్పు కింద నలభై ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు బిగించిన తెల్లటి తెర, దానికెదురుగా ఒక ప్రొజెక్టరు కనిపిస్తాయి. శని, ఆదివారాల్లో సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు వరకు అక్కడ ఫుట్‌బాల్ తప్ప మరొకటి వేయరు. భారత జట్టు క్రికెట్ ఆడుతున్న రోజున కూడా వేయరు. మన జిల్లాలో వ్యాపారం చేసుకునే మనిషికి ఇది చిన్న తెగువ కాదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమని చెప్పుకునే వాళ్లు సొంత జట్టు సొంత మైదానంలో ఆడుతున్నప్పుడు కూడా ఎందుకు వెళ్లరని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఈ మేడే గుర్తుకు వస్తుంది. అందుకే ఈ హోటలు మంచిచెడ్డలు రాయడానికి కూర్చుంటే ఆ ప్రశ్నను పక్కన పెట్టడం నా వల్ల కాలేదు.

ప్రవేశ రుసుము లేదు. మనిషికి వంద రూపాయలకు తగ్గకుండా తినాలన్నది నియమం, ఆ వందకు లోటు చేయరు. ఎర్రకారం దోశ పల్చగా, అంచులు కరకరలాడుతూ వస్తుంది. వెల్లుల్లి ఘాటు మరునాటి దాకా వేళ్లకు ఉంటుంది. పులిబొంగరాలు మాత్రం ఆట మొదలయ్యే ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే విరామ సమయంలో అందరూ ఒక్కసారే అడుగుతారు, అవి వచ్చేసరికి రెండో సగం పది నిమిషాలు గడిచిపోతుంది. అల్లం టీ బాగుంటుంది, కాఫీ ఫరవాలేదు. వడ్డించే కుర్రవాళ్లు తెరకు అడ్డం రాకుండా వంగి నడవడం అలవాటు చేసుకున్నారు. ఈ మర్యాద నాకు పెద్ద పెద్ద చోట్ల కూడా దొరకలేదు.

మెట్ల దగ్గర గోడకు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం గెలిచిన భారత జట్టు ఫొటో ఉంది. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వారని, అందులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు కుర్రవాడని కొత్తగా వచ్చిన ప్రతివారికీ ఓనరు గారే చెబుతారు. ఆయనకు ఆట తెలుసు. గొంతు చించుకునే వ్యాఖ్యానం కన్నా మైదానంలోని జనం చప్పుడే బాగా వినిపించేలా స్పీకర్లు సర్దుతారంటేనే ఆ సంగతి అర్థమవుతుంది.

ఈ మేడకు కాలం కూడా కలిసివచ్చింది. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లు అక్కడ గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి నెలల్లో మనకు రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు వస్తాయి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ మూడు గంటల మ్యాచ్‌లను బ్రిటన్‌లో ఎవరూ టీవీలో ప్రత్యక్షంగా చూడలేరు. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ప్రత్యక్ష ప్రసారం చేయకూడదన్న కట్టడి 1960ల నుంచి అక్కడ అమల్లో ఉంది. బర్న్‌లీ క్లబ్బు ఛైర్మన్ బాబ్ లార్డ్ పట్టుబట్టి ఇతర క్లబ్బులను ఒప్పించిన ఏర్పాటు అది. పెద్ద జట్టు ఆట ఇంట్లోనే కనిపిస్తే చిన్న ఊరి జట్టు మైదానానికి ఎవరూ రారన్నది వారి భయం. మాంచెస్టరులో కూర్చున్నవాడికి దక్కని ఆట నెల్లూరు మేడ మీద టీ తాగుతూ చూడగలుగుతున్నామని మేము నవ్వుకుంటాం గానీ, వాళ్లు భయపడిందేమిటో తెలుసుకోవాలంటే మా మేడ మీద శనివారం రాత్రి ఎన్ని కుర్చీలు నిండుతాయో లెక్కపెడితే చాలు.

ఇక మైదానం సంగతి. దేశంలో క్లబ్బుల పెద్ద ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆంధ్రప్రదేశ్ జట్టు లేదు. అందువల్ల నెల్లూరు వాడికి సొంత మైదానం అంటే దాదాపు 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నైయే. ఓపిక ఉంటే బెంగళూరు, 2025లో అక్కడి జట్టు ఢిల్లీకి తరలిపోయేదాకా హైదరాబాదు కూడా. నేను ఈ మూడు నగరాల్లోనూ మ్యాచ్‌లు చూశాను. ఇప్పుడు చెప్పబోయేది వాటిలో ఒక చోట జరిగింది; ఏ చోటో చెప్పను, ఎందుకంటే మిగిలిన రెండు చోట్లా కొద్ది తేడాతో ఇలాగే జరిగి ఉండేది.

నేను, మా అమ్మాయి, మేడ మీద పరిచయమైన మిత్రుడు, ఆయన కొడుకు, నలుగురం బయలుదేరాము. టిక్కెట్లు ఫోనులోనే కొన్నాము. తీరా వెళ్లాక, ఫోనులో ఉన్నది చాలదని, కౌంటరు దగ్గర చూపించి కాగితం టిక్కెట్లు తీసుకోవాలని చెప్పారు. వేల మంది వచ్చే చోట తెరిచి ఉన్న కౌంటర్లు రెండే. ఆ వరసలో ఉండగానే లోపల జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఆ రోజు పడిన గోలు అదొక్కటే. గేటు దగ్గర నీళ్ల సీసాలు పారేయించారు, బ్యాగు లోపలికి రానివ్వలేదు, దాచుకునే చోటూ చూపలేదు. చివరికి వీధిలో సోడాబండి అబ్బాయి దగ్గర యాభై రూపాయలిచ్చి ఉంచాము. లోపల నీళ్లు కాగితపు గ్లాసుల్లో అమ్ముతున్నారు, బయట సీసా ధరకు లోపల గ్లాసు. మరుగుదొడ్ల గురించి రాయను. మా అమ్మాయి కూర్చోగానే, “ఇందాక పడిన గోలు మళ్లీ చూపిస్తారా నాన్నా?” అని అడిగింది. ఆ పూట పెద్ద తెర మీద ప్రకటనలు తప్ప మరేమీ రాలేదు.

ఆట ముగిసేసరికి తొమ్మిదిన్నర అయింది. వాహనాలు నిలిపిన చోటు నుంచి కారు బయటికి రావడానికి ముప్పావు గంట, ఇల్లు చేరడానికి అర్ధరాత్రి దాటడం, పెట్రోలు, టోలు, తిండి, టిక్కెట్లు కలిపి నలుగురికి ఆరు వేల రూపాయల పైచిలుకు. అంతటితో ఆరు నెలలు మేడ మీద కూర్చోవచ్చు. తిరిగి వచ్చాక జరిగింది చెబితే ఓనరు గారు ఒకటే మాటన్నారు: “పొయ్యేదానికి ఒక పూట, వచ్చేదానికి ఒక పూట, మధ్యలో చూసేది గంటన్నర. ఆ చూసేదన్నా సరిగ్గా చూడనీకపోతే ఎట్టా సార్?”

ఆయన మాటలో రెండు సంగతులున్నాయి, వాటిని కలిపి చూడకూడదని నా అభిప్రాయం. దూరం నెల్లూరు తెచ్చుకున్న కష్టం. దానికి ఏ క్లబ్బునూ తప్పుపట్టలేము. ఆ దూరం దాటి వచ్చినవాడికి గేటు దగ్గర దొరికే ఆదరణ మాత్రం క్లబ్బు చేతిలోనిది. అభిమానులు మైదానానికి రావడం లేదని వాపోయేవారు టీవీని, చరవాణిని, యూరపు క్లబ్బుల మోజును నిందిస్తారు. వాటి పాత్ర లేదని అనను. అయినా తెర ముందు కుర్చీ సుఖమైనదని కాకుండా, మైదానంలో కుర్చీ దాకా చేరుకోవడం అవమానకరంగా ఉందని మానుకున్నవారే నాకు ఎక్కువగా తారసపడ్డారు. మైదానంలో ఒక్కసారి మ్యాచ్ చూసి, మరి వెళ్లనని ఒట్టు పెట్టుకున్నవారు మా మేడ మీదే పదిమంది దాకా ఉన్నారు.

పిలిస్తే జనం వస్తారనడానికి 2018 జూన్ నిదర్శనం. ముంబయిలో ఆ నెల 1వ తేదీన భారత జట్టు చైనీస్ తైపీని (అంటే తైవాన్‌ను) 5–0తో చిత్తు చేసినప్పుడు చూసినవారు 2,569 మంది. మూడు గోల్స్ కొట్టిన కెప్టెన్ సునీల్ ఛెత్రి మరునాడు ఒక వీడియోలో, మమ్మల్ని తిట్టడానికైనా సరే మైదానానికి రండి అని వేడుకున్నాడు. జూన్ 4న కెన్యాతో ఆడిన మ్యాచ్ అతనికి నూరవది. వాన కురుస్తున్నా టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి, భారత్ 3–0తో గెలిచింది. కానీ ప్రతి మ్యాచ్‌కూ కెప్టెన్ చేతులు జోడించలేడు కదా.

అలవాటు తప్పిన సంగతి కూడా చెప్పుకోవాలి. సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు మ్యాచ్‌కు సగటున దాదాపు పాతికవేల జనం వచ్చేవారు. చెన్నై జట్టులో ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీ ఆడుతూనే శిక్షణ ఇచ్చేవాడు, బ్రెజిల్ ఆటగాడు ఎలానో బ్లూమర్ గోల్స్ కొట్టేవాడు. వాళ్లను కళ్లారా చూడాలన్న ఉబలాటమే సగం మందిని లాక్కొచ్చింది. ఆ పేర్లు వెళ్లిపోయాక రావలసినవారు ఆట కోసం, జట్టు కోసం వచ్చేవారే, వారి సంఖ్య అప్పటికింకా చిన్నది. అంతలో కోవిడ్ వచ్చి 2020–21, 2021–22 సీజన్ల లీగ్ మ్యాచ్‌లన్నీ ప్రేక్షకులు లేకుండా గోవాలోనే ఆడించారు. రెండేళ్లపాటు ఎవరి ఊళ్లోనూ సొంత మ్యాచ్ అన్నదే లేదు. వారం వారం వెళ్లేవాడికి కూడా ఆ రెండేళ్లలో సోఫా అలవాటైపోయింది. పైగా చెన్నై జట్టు కప్పు గెలిచిన రెండుసార్లూ, అంటే 2015 డిసెంబరులోను, 2018 మార్చిలోను, ఫైనల్ సొంత మైదానంలో జరగలేదు. మొదటిది గోవాలో గోవా జట్టు మీద, రెండోది బెంగళూరులో బెంగళూరు జట్టు మీద. రెండూ 3–2 గెలుపులే. సీజనంతా ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా సొంత మైదానానికి వెళ్లిన చెన్నై అభిమాని, ప్రయాణం కట్టుకుంటే తప్ప, తన జట్టు కప్పెత్తుకోవడం మాలాగే తెర మీద చూడవలసివచ్చింది.

ఇంత చెప్పాక తెర వైపే మొగ్గాలి. అయితే ఆ రోజు మైదానంలో చూసిన ఒక దృశ్యం నన్ను అందుకు ఒప్పుకోనివ్వడం లేదు. బంతి అవతలి గోలు దగ్గర ఉండగా ఇవతల మా గోలుకీపరు పెనాల్టీ గీత దాకా వచ్చి, చేతులూపుతూ, అరుస్తూ, తన రక్షకులిద్దరినీ ఎడమకు నాలుగడుగులు జరిపించాడు. అర నిమిషం తర్వాత ఎదురుదాడిలో బంతి సరిగ్గా ఆ నాలుగడుగుల్లోకే వచ్చింది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. ఆ అర నిమిషం తెర మీద ఉండదు. మేడ మీద ఆ మ్యాచ్ చూసిన మిత్రులకు రక్షకుడు అదృష్టం కొద్దీ అక్కడ ఉన్నాడని అనిపించిందట. ఆట తెలిసిన ఓనరు గారికి కూడా అలాగే అనిపించింది. ఎంత మంచి ప్రొజెక్టరైనా ఈ లోటు తీర్చదు.

హోటలుకు సొంత లోపాలు కూడా ఉన్నాయి. ప్రసారం ఇంటర్నెట్ మీద వస్తుంది కాబట్టి అసలు ఆట కన్నా కాసేపు వెనకబడి ఉంటుంది. ఎవరి ఫోనో ముందే మోగుతుంది, వాడు “గోల్!” అని లేస్తాడు, తెర మీద మాత్రం బంతి ఇంకా మధ్య గీత దగ్గరే ఉంటుంది. ఫోన్లు నిశ్శబ్దంలో ఉంచాలని గోడ మీద రాసిపెట్టారు, ఎవరూ పాటించరు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద ఉక్క భరించలేనిది. నాలుగు ఫ్యాన్లు ఆ వేడినే తిప్పుతుంటాయి. కరెంటు పోతే ఇన్వర్టరు ప్రొజెక్టరును మోస్తుంది గానీ ఫ్యాన్లను మోయదు. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. మా అమ్మాయిని తీసుకువెళ్లడం తగ్గించడానికి ఇదే కారణం, ఓనరు గారు దీన్ని వెంటనే సరిచేయాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పదకొండు గంటలకు కట్టేయడం. ఇంగ్లండులో సాయంత్రం అయిదున్నర మ్యాచ్ మనకు రాత్రి పదికో పదకొండుకో మొదలవుతుంది కనుక పదికైతే సగం ఆట చూసి దిగిపోవలసి వస్తుంది, పదకొండుకైతే అదీ లేదు. ఈ నియమం తప్పింది నాకు తెలిసి ఒక్కసారే. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్సు ప్రపంచకప్ ఫైనల్ 3–3తో సమమై పెనాల్టీలకు వెళ్లేసరికి పదకొండు దాటింది. మేడ మెట్ల మీద కూడా జనం నిలబడి ఉన్నారు. కట్టేయమని చెప్పడానికి వచ్చిన కానిస్టేబులు గారు, 4–2తో అర్జెంటీనా గెలిచేదాకా ఆ మెట్ల మీదే నిలబడ్డారు.

వెళ్లదలచినవారు శనివారమైతే ఏడు గంటలకే చేరుకోవడం మంచిది. ఎడమవైపు స్తంభం వెనక రెండు కుర్చీల నుంచి ఒక గోలు అసలు కనిపించదు, అవి ఖాళీగా ఉన్నాయని సంతోషించవద్దు. బండ్లు ఎదురింటి గేటుకు అడ్డం పెడితే ఆ ఇంటి పెద్దావిడ మేడ మీదికే వచ్చి అడుగుతారు, అదీ సరిగ్గా కార్నర్ కిక్ తీసే సమయానికి. వచ్చే నెల మొదటి శనివారం మాత్రం నా కుర్చీ ఖాళీగా ఉంటుంది. మా అమ్మాయికి ఆ గోలుకీపరును మళ్లీ దగ్గర్నుంచి చూడాలని ఉంది. ఈసారి కాగితం టిక్కెట్ల కోసం రెండు గంటల ముందే వెళ్తున్నాము, బ్యాగు తీసుకుపోవడం లేదు.