“100 మీటర్ల గురి” అని ఎయిర్ రైఫిల్ అమ్ముతుంటే డబ్బులు కట్టకండి

హైదరాబాద్ సిటీలో ఎయిర్ రైఫిల్ కొందామని చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే షాపుకు వెళ్ళండి. నేను స్కోప్‌తో (గురి చూసే దుర్భిణి) కలిపి 23,500 పెట్టి కొన్నాను. నెలన్నర అయింది. తుపాకీ బీరువా మీద పడి ఉంది, షాపువాళ్ళు వెనక్కి తీసుకోం అంటున్నారు, నాలాగా ఇంకొకరు పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మా మేనల్లుడికి పదిహేనేళ్ళు, షూటింగ్ అంటే పిచ్చి. వాడితో కలిసి ఆదివారాలు కాగితం మీద గురి చూసుకుందామని నా ఆశ. షాపులో ఆయన తీసి చూపించింది బారెల్‌ను కీలు దగ్గర విరిచి లోపలి స్ప్రింగ్ బిగించే రకం, 4.5 మిల్లీమీటర్ల బోరు, అంటే బారెల్ రంధ్రం వెడల్పు. “సార్, దీని స్పీడు సెకనుకు వెయ్యి అడుగులు, 100 మీటర్లలో రూపాయి బిళ్ళ కొట్టొచ్చు, లైసెన్స్ అక్కర్లేదు” అన్నాడు. ఈ మూడు మాటలూ ఒకే తుపాకీకి ఎలా కుదురుతాయని నేను అక్కడే అడగాల్సింది. అడగలేదు.

లెక్క చాలా సులభం. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, బారెల్ మూతి దగ్గర గుండుకుండే శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటేనే లైసెన్స్ అవసరం లేదు. ఆయన నాకు అంటగట్టిన పెల్లెట్ల (ఎయిర్ గన్‌లో వేసే చిన్న సీసపు గుళ్ళు) డబ్బా మీద ఒక్కోదాని బరువు 0.52 గ్రాములని ఉంది. ఆ పెల్లెట్ నిజంగా సెకనుకు వెయ్యి అడుగులు, అంటే దాదాపు 305 మీటర్లు పోతే శక్తి 24 జౌల్స్ అవుతుంది, అప్పుడు లైసెన్స్ కావాలి. అంటే స్పీడన్నా అబద్ధం, లైసెన్స్ మాటన్నా అబద్ధం. ఇంకా తేలిక పెల్లెట్ వేసి ఆ స్పీడు చూపించొచ్చు, కానీ ఎంత తేలికైతే అంత తొందరగా గాలిలో నీరసపడిపోతుంది, దూరం కొట్టడానికి అది అసలే పనికిరాదు. తర్వాత తెలిసినాయన దగ్గర క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ స్పీడు కొలిచే యంత్రం) ఉంటే కొలిపించాను, సెకనుకు 215 మీటర్లు వచ్చింది. 12 జౌల్స్. ఒక రకంగా నయమే, చట్టం ప్రకారం నాకు ఇబ్బంది లేదు. కానీ చెప్పింది అది కాదు కదా.

చేవెళ్ళ దగ్గర మా బావ పొలంలో, వెనకాల ఎత్తుగా మట్టి కట్ట ఉన్నచోట మనిషి అటు రాకుండా చూసుకుని కాల్చి చూశాం. బల్ల మీద తువ్వాలు మడిచిపెట్టి దాని మీద తుపాకీ ఆనించాం, చెయ్యి వణికిందనే మాటే రాకుండా. 10 మీటర్లలో ఐదు దెబ్బలు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున పడ్డాయి. 25 మీటర్లకు జరిపితే పళ్ళెమంత వెడల్పు. 50 మీటర్లలో ఏ4 కాగితం పెట్టి పది కాలిస్తే మూడు కాగితానికే తగల్లేదు. 100 మీటర్లు పెట్టనేలేదు, పెట్టి లాభం లేదని తెలిసిపోయింది.

పెల్లెట్ అంత తేలికది 50 మీటర్లు పోయేలోపే స్పీడు చాలా పోగొట్టుకుంటుంది. 100 మీటర్లకు చేరేసరికి బారెల్ చూపిన గీత కంటే మీటరు పైనే కిందికి జారుతుంది, పక్కనుంచి చిన్న గాలి వీచినా అంగుళాల కొద్దీ పక్కకు పోతుంది. నర్సాపూర్ అడవి దగ్గర మా తాతకు అడవి పందుల కోసం లైసెన్సుతో భర్మార్ ఉండేది, మూతిలోంచి మందూ గుండూ దట్టించి పేల్చేది. “సన్న గుండు దూరం పోదు బిడ్డా, గాలికి కొట్టుకపోతది” అనేవాడు. సన్నబోరు భర్మార్లో వేసే 8 మిల్లీమీటర్ల సీసపు గుండే మూడు గ్రాములు ఉంటుంది, ఈ పెల్లెట్ అందులో ఆరో వంతు. తాత మాట షాపులో ఒక్కసారి గుర్తొచ్చి ఉంటే డబ్బులు మిగిలేవి.

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీలో 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. 4.5 పెల్లెట్ గొప్పతనం ఆ దూరంలో కనిపిస్తుంది. 100 మీటర్ల మాట ఎత్తిన షాపువాడికి ఇది తెలియదని నేను అనుకోను.

సరే, దూరం సంగతి వదిలేద్దాం, 10 మీటర్లలో నాలుగు సెంటీమీటర్లు ఎందుకొచ్చింది? షూటింగ్ రేంజ్‌లో తుపాకులు బాగుచేసే పెద్దాయనకు చూపించాను. ఆయన బారెల్ మూతి మీద వేలు తిప్పి, ఇదిగో ఇక్కడ గరుకుగా తగులుతోంది చూడండి అన్నాడు. పెల్లెట్ బయటికొచ్చే అంచు ఒక పక్క బొడిపెగా ఉంది, దాంతో వెనకనుంచి తోసే గాలి ఒక పక్కే ముందు బయటపడి పెల్లెట్‌ను వాలుస్తుందట. బారెల్ విరిచే కీలు దగ్గర కూడా కదలిక ఉంది, పట్టుకుని ఊపితే టక్ టక్ అంటుంది. ఇక స్కోప్. స్ప్రింగ్ తుపాకీ మొదట వెనక్కి తన్ని, పిస్టన్ (లోపల గాలిని తోసే ముక్క) ఆగగానే ముందుకు తన్నుతుంది, ఆ రెండు దెబ్బలకూ తట్టుకునేలా ఎయిర్ రైఫిల్ కోసమే చేసిన స్కోప్ కావాలి. నాకిచ్చింది అలాంటిది కాదు, వంద దెబ్బలకే లోపల గురి గీతలు వదులైపోయాయి, స్కోప్‌ను తుపాకీకి బిగించే మౌంట్ కూడా వెనక్కి జరిగింది. దానిలోంచి 10 మీటర్ల దూరంలోని కాగితం మసగ్గా కనిపిస్తుంటే నా కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను, దూరానికి సెట్ చేసిన స్కోప్ దగ్గరికి అలాగే ఉంటుందని ఆ పెద్దాయనే చెప్పాడు.

ఇవన్నీ ఫొటోలు తీసుకుని షాపుకు వెళ్తే “మీ చెయ్యి ఇంకా కుదరలేదు సార్, వెయ్యి దెబ్బలు కొట్టండి, అదే సెట్ అవుతుంది” అన్నారు. కొత్త తుపాకీ కొన్ని డబ్బాల పెల్లెట్లకు కాస్త కుదురుకునే మాట నిజమే, కానీ బారెల్ మూతిలో బొడిపె కాలిస్తే అరగదు. బిల్లు తీసి చూసుకుంటే “స్పోర్ట్స్ ఐటమ్ - 1” అని ఉంది, అంతే. మోడల్ లేదు, సీరియల్ నంబర్ లేదు, స్కోప్ పేరు లేదు. ఆ రోజు బిల్లు మడిచి జేబులో పెట్టుకోవడమే నేను చేసిన అసలు తప్పు.

కాబట్టి అన్నా, తమ్ముడూ, ఎవరైనా సరే, బిల్లులో మోడల్, సీరియల్ నంబర్, శక్తి ఎన్ని జౌల్స్ అనేది రాయించుకోకుండా డబ్బులు ఇవ్వకండి. రాయనంటే బయటికొచ్చేయండి. బారెల్ మూతి లైటు వెలుగులో చూడండి, కీలు ఊపి చూడండి. మీ ముందే ఆనించి ఐదు దెబ్బలు 10 మీటర్లలో కాల్చి కాగితం ఇమ్మనండి, స్థలం లేదంటే మంచి గురి అనే మాట నమ్మకండి. పెల్లెట్ లేకుండా ఉత్త ట్రిగ్గర్ నొక్కి చూపిస్తుంటే ఆపండి, పిస్టన్‌కు అడ్డు లేక స్ప్రింగూ సీలూ పాడవుతాయి, డిస్‌ప్లే పీస్‌ను అలా పదిమంది నొక్కి ఉంటారు. పిట్టల కోసం కొనేవాళ్ళకు ఒకటే మాట, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎయిర్ గన్‌కు కూడా వర్తిస్తుంది, లైసెన్స్ అక్కర్లేదంటే దేన్నైనా కాల్చొచ్చని కాదు.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు ఇచ్చాను, నంబర్ వచ్చింది. షాపువాళ్ళు దానికీ పలకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. కాల్చిన కాగితాలన్నీ తేదీ వేసి దాచాను, క్రోనోగ్రాఫ్ రీడింగ్ ఫొటో ఉంది, తుపాకీ బాగుచేసే పెద్దాయన రాసిచ్చిన చీటీ ఉంది. మీలో ఎవరికైనా ఇలాగే “స్పోర్ట్స్ ఐటమ్” బిల్లు ఇచ్చి ఉంటే దాన్ని పారేయకుండా ఫొటో తీసి పెట్టుకోండి, వీలైతే నాకు చెప్పండి, కలిసి ఫిర్యాదు ఇద్దాం.