టెల్యురైడా, బీన్ బ్లాసమా?

జూన్‌లో డేరా వేసుకుని బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు, మాండలిన్ లాంటి తీగ వాయిద్యాలతో సాగే అమెరికన్ జానపద శైలి సంగీతం) వినాలంటే నాకు ముందు గుర్తొచ్చేవి అమెరికాలోని ఈ రెండు ఉత్సవాలే.

కొలరాడోలోని టెల్యురైడ్ ఉత్సవం 1974 నుంచి జరుగుతోంది. దాదాపు 8,750 అడుగుల ఎత్తు, మూడు వైపులా కొండలు. శామ్ బుష్ మాండలిన్‌ను అక్కడ వినడం నిజంగా భాగ్యమే. కానీ డెన్వర్ నుంచి కారులో ఆరు గంటలకు పైనే పడుతుంది. టౌన్ పార్కులో డేరాకు చోటు కావాలంటే లాటరీలో పేరు రావాలి. రాత్రి చలికి స్వెట్టర్ తప్పనిసరి.

ఇండియానాలోని బీన్ బ్లాసమ్ ఉత్సవాన్ని బ్లూగ్రాస్ పితామహుడు బిల్ మన్రో స్వయంగా 1967లో మొదలుపెట్టాడు. ఇండియానాపోలిస్ నుంచి గంట ప్రయాణం. ఇక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వేదిక మీద కచేరీ కాదు, డేరాల మధ్య జరిగేది. ముక్కూమొహం తెలియనివాళ్లు కుర్చీలు గుండ్రంగా వేసుకుని బాంజో, ఫిడేలు, గిటార్ అందుకుంటారు. మన కచేరీలో గాత్రం, వయొలిన్ స్వరకల్పన పంచుకున్నట్టే వంతులవారీగా వాయిస్తారు. కొత్తవాళ్లనూ రమ్మంటారు.

పెద్ద కళాకారులు, కొండల అందం కావాలంటే టెల్యురైడ్. చేతిలో వాయిద్యం ఉంటే మాత్రం బీన్ బ్లాసమ్‌కే వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి.