ఫ్లాట్‌లో చెక్కపని: దుమ్ము లాగే మెషీన్ ఏది మేలు?

జనం కాపురమున్న ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్ పని పెట్టుకుంటే మొదటి గొడవ దుమ్ముతోనే. రంపపు పొట్టు చీపురుతో పోతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) కోసినా, నునుపు చేసే శాండర్ పట్టినా లేచే పిండిలాంటి ధూళి మాత్రం గాలిలో తేలుతూ ఏసీలోకీ, మేస్త్రీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1995లోనే తేల్చింది. అందుకే ఎవరైనా సలహా అడిగితే హెచ్‌పీ సంగతి తర్వాత, ముందు ఫిల్టర్ చూడమంటాను.

గుడ్డసంచి వేలాడే, నాలుగంగుళాల పైపున్న డస్ట్ కలెక్టర్‌ను ముందే పక్కన పెట్టేయొచ్చు. అది షెడ్డులో ప్లేనర్‌కూ, టేబుల్ రంపానికీ బాగుంటుంది. గాలి ఎక్కువ తోడుతుంది కానీ పీల్చే ఒత్తిడి తక్కువ. శాండర్ సన్నపైపు తగిలిస్తే చతికిలబడుతుంది. పైగా మామూలు గుడ్డసంచి సన్నధూళిని తిరిగి గదిలోకే వదులుతుంది.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే: తడీ పొడీ రెండూ లాగే మామూలు వెట్-డ్రై వ్యాక్యూమ్, టూల్స్ కోసమే చేసిన ఎక్స్‌ట్రాక్టర్.

వెట్-డ్రై చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కాకపోతే ఎండీఎఫ్ ధూళికి దాని ఫిల్టర్ చూస్తుండగానే మూసుకుపోతుంది. మధ్యలో సైక్లోన్ మూత బిగించిన డబ్బా పెడితే గాలి సుడి తిరిగి పొట్టులో చాలావరకు డబ్బాలోనే పడుతుంది, ఫిల్టర్ మీద భారం తగ్గుతుంది. డబ్బా మందంగా ఉండాలి. పల్చటిదైతే పైపు అడ్డుపడ్డప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది. వ్యాక్యూమ్ లోపల ఫ్లీస్ (నేయని మెత్తటి గుడ్డ) సంచి కూడా వేయండి. సంచి ఖర్చుకు వెనకాడేవాళ్లు ఫిల్టర్‌ను గోడకేసి దులుపుతారు, ఆ దుమ్మంతా మళ్లీ వాళ్ల ముఖానికే.

ఎక్స్‌ట్రాక్టర్‌కు ఒంటి మీదే సాకెట్ ఉంటుంది. రంపం ప్లగ్గు అందులో పెడితే, రంపం నొక్కగానే అదీ తిరుగుతుంది, ఆపాక పైపులో మిగిలింది లాగి ఆగుతుంది. హెల్పర్ స్విచ్ వేయడం మరిచిపోయే బాధే లేదు. ఐరోపా ప్రమాణాల్లో ఎల్ క్లాస్ మెషీన్ నుంచి 1 శాతం దాకా ధూళి బయటికి రావచ్చు, ఎం క్లాస్‌కు పరిమితి 0.1 శాతం. పైపులో గాలి వేగం సెకనుకు 20 మీటర్ల కన్నా తక్కువకు పడిపోతే ఎం క్లాస్ హెచ్చరిస్తుంది కూడా. బ్రిటన్‌లో చెక్క ధూళికి ఎం క్లాసే వాడమంటారు. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, అది వేరే సంగతి.

ఇక్కడో కరెంటు లెక్క. 6 ఆంపియర్ల ప్లగ్గు పాయింట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లే ఇస్తుంది. 1,200 వాట్ల ఎక్స్‌ట్రాక్టర్‌కు 1,400 వాట్ల రంపం తోడైతే 2,600. అంటే ఏసీ లేదా గీజర్ కోసం పెట్టిన 16 ఆంపియర్ల పాయింటే దిక్కు. ఎక్స్‌టెన్షన్ వైరూ దానికి తగ్గ మందంలో ఉండాలి. మెషీన్ మీద ఉన్న సాకెట్ ఎన్ని వాట్ల వరకు మోస్తుందో కూడా చూసుకోండి.

బ్యాటరీ వ్యాక్యూమ్‌లు గోడకు డ్రిల్ వేసేటప్పుడూ, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకూ సరే. 18 వోల్టుల, 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీలో ఉండేది 90 వాట్-అవర్లే. రోజంతా శాండింగ్ దాంతో కాదు.

నా మాట: రోజూ ఎండీఎఫ్ కోసి, శాండర్ పట్టే జట్టుకు ఎం క్లాసే. ప్లైవుడ్ కోత ఎక్కువ, శాండింగ్ ఎప్పుడో ఒకసారి అనుకునే ఇద్దరు మనుషుల జట్టుకు సాకెట్ ఉన్న ఎల్ క్లాస్, దానికి సైక్లోన్ డబ్బా చాలు. ఏది వాడినా మాస్క్ తీయొద్దు. అదే ఫ్లాట్‌లో గ్రిల్ పనివాళ్లుంటే వాళ్ల గ్రైండర్‌కు ఈ పైపు ఇవ్వకండి, నిప్పురవ్వ పొట్టు సంచిలో పడితే అంటుకుంటుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ రంపం, శాండర్ వెంట తీసుకెళ్లండి. ఒక్కో కంపెనీ దుమ్ము గొట్టం సైజు ఒక్కోలా ఉంటుంది. రబ్బరు అడాప్టర్ అక్కడే బిగించి చూసుకుని, అప్పుడు డబ్బు కట్టండి.