క్రయ దస్తావేజు నుంచి తాకట్టు విడుదల దాకా: తీరిపోయిన ఒక గృహ రుణంపై సమీక్ష

రిజర్వు బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ రేటు) 4 శాతంగా ఉన్న కాలంలో తీసుకున్న గృహ రుణాన్ని ఈ మధ్యనే పూర్తిగా తీర్చివేశాను. ఈ సమీక్ష ఆ రుణం గురించి, దానితో పాటే నడిచిన క్రయ దస్తావేజు వ్యవహారం గురించి. ఇల్లు కొనబోయే బంధుమిత్రులు నన్ను ముందుగా అడిగేది వడ్డీ ఎంత అనే. వడ్డీ ముఖ్యమే, కాదనను. కానీ రుణం ఇచ్చే సంస్థ మంచిచెడ్డలు నాకు తెలిసివచ్చింది పత్రాల దగ్గరే: ఏవి అడిగారు, వాటిని ఎంత శ్రద్ధగా చదివారు, ఎక్కడ భద్రపరిచారు, ఎంత సక్రమంగా తిరిగి ఇచ్చారు.

"బ్యాంకు లీగల్ చూస్తుంది కదా, మళ్లీ మనకు వేరే న్యాయవాది ఎందుకు?" అన్నది దాదాపు అందరూ వేసే ప్రశ్న. బ్యాంకు ప్యానెల్ న్యాయవాది ఇచ్చే అభిప్రాయం బ్యాంకు కోసం. దాని రుసుము మన ఖాతాలోంచే పోతుంది గానీ, అడిగితే తప్ప నివేదిక ప్రతి మన చేతికి రాదు. పైగా బ్యాంకు ఎన్నడూ ఆస్తి మొత్తం విలువకు అప్పు ఇవ్వదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు రుణానికి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం గరిష్ఠ పరిమితి. హక్కులో లోపం బయటపడితే ముందు మునిగేది మనం పెట్టిన సొమ్ము, ఆస్తి చేజారినా అప్పు మాత్రం తీర్చవలసిందే.

నా విషయంలో ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు తెలిపే ధ్రువపత్రం) శుభ్రంగా ఉంది, బ్యాంకు న్యాయవాది ఆమోదించారు కూడా. నేను విడిగా సంప్రదించిన న్యాయవాది మాత్రం లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) వరుసగా చదివి, విక్రేతకు ఈ ఇల్లు తండ్రి నుంచి సంక్రమించిందని గమనించి, ఆయన వీలునామా రాయకుండా మరణించినందున కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఆస్తిలో కుమార్తెలకూ కుమారులతో సమానంగా వాటా ఉంటుంది. విక్రేతకు ఇద్దరు అక్కలున్నారు. వారి పేర్లు ఏ దస్తావేజులోనూ లేవు, ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. వారసుల వాటాలు, రిజిస్టరు చేయని వీలునామాలు, కోర్టులో నడుస్తున్న దావాలు అందులో ఉంటాయని ఆశించకూడదు. చివరికి అక్కలిద్దరూ విక్రేతలుగా చేరి సంతకాలు చేశాకే దస్తావేజు పూర్తయింది. ఆ న్యాయవాదికి చెల్లించిన రుసుము ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకీ విలువైనదని నేటికీ నమ్ముతున్నాను.

చేతి సొమ్ము ఎంత సిద్ధం చేసుకోవాలన్న ప్రశ్నకు చాలామంది తక్కువ లెక్క వేసుకుంటారు. ఇంటి ఖరీదు 10 లక్షలు దాటితే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుములను రుణ పరిమితి లెక్కలో కలపరు, అవి పూర్తిగా మన జేబులోంచే రావాలి. ఖరీదు 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనుగోలుదారే 1 శాతం పన్ను మినహాయించి విక్రేత పాన్ మీద జమ చేయాలి. ఈ మాట అగ్రిమెంటు నాడే చెప్పుకోకపోతే రిజిస్ట్రేషన్ రోజున చెక్కు మొత్తాల దగ్గర వాదన వస్తుంది. అగ్రిమెంటు విషయంలో మరొకటి గుర్తుంచుకోవాలి. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం విక్రయ ఒప్పందం తనంతట తానుగా ఆస్తిపై ఎలాంటి హక్కునూ ఇవ్వదు. అందువల్ల రుణం మంజూరు కాకపోతే బయానా ఎప్పటిలోగా తిరిగి ఇవ్వాలో అందులోనే రాయించుకోవాలి. మా అగ్రిమెంటులో ఆ షరతు ఉండడం వల్లే, అక్కల సంతకాల కోసం ఆగిన కాలమంతా మనసు నిబ్బరంగా ఉంది.

రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకు పనితీరు నిజంగా మెచ్చుకోదగ్గది. అధికారి చెక్కుతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చి, సంతకాలు, వేలిముద్రలు పూర్తయ్యాకే దాన్ని విక్రేతకు అందించారు. అసలు దస్తావేజు నేరుగా బ్యాంకుకే వెళ్లింది. టైటిల్ డీడ్ల డిపాజిట్ మెమోరాండం (హక్కు పత్రాలను తాకట్టుగా బ్యాంకులో ఉంచినట్లు తెలిపే పత్రం) కూడా రిజిస్టరు చేశారు. ఇచ్చిన ప్రతి పత్రం పేరు, నంబరు, సంవత్సరం, అసలా నకలా అన్న వివరంతో జాబితా కావాలని పట్టుబట్టి, బ్యాంకు ముద్రతో తీసుకున్నాను. శాంక్షన్ లెటరు కంటే జాగ్రత్తగా దాచుకోవలసిన కాగితం ఇదే. రుణంతో పాటు బీమా పాలసీ తప్పనిసరి అని ఒక ఉద్యోగి అన్నారు. ఆ షరతు రాతపూర్వకంగా చూపమన్నాక ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

విక్రేతకే ఆ ఇంటి మీద అప్పు ఉంటే ఏం చేయాలి? ఇదే బ్యాంకు రుణంతో మా తమ్ముడు కొన్న ఫ్లాటుది సరిగ్గా ఈ పరిస్థితి. విక్రేతకు రుణం ఇచ్చిన బ్యాంకు నుంచి బాకీ మొత్తం తెలిపే లేఖ, అక్కడున్న పత్రాల జాబితా తెప్పించారు. తమ్ముడి బ్యాంకు సొమ్మును విక్రేత చేతికి కాక నేరుగా ఆయన రుణ ఖాతాకు జమ చేసింది, మిగిలినది రిజిస్ట్రేషన్ నాడు ఆయనకు ఇచ్చింది. బాకీ జమ కావడానికీ అసలు పత్రాలు బయటికి రావడానికీ మధ్య కొంత ఎడం తప్పదు, ఆందోళనంతా ఆ ఎడంలోనే ఉంటుంది. విక్రేత, రెండు బ్యాంకులు ఎవరు ఏం చేయాలో ముందే రాతలో పెట్టుకోవడం ఒక్కటే అక్కడ రక్షణ. పత్రాలు బ్యాంకులో పెట్టి, మెమోరాండం రిజిస్టరు చేయని తాకట్టు ఈసీలో కనిపించదు. దానికోసం 2011 నుంచి పనిచేస్తున్న సెర్సాయ్ అనే కేంద్ర తాకట్టు నమోదు రిజిస్ట్రీలో, స్వల్ప రుసుముతో ఎవరైనా వెతికి చూడవచ్చు.

ఇక వడ్డీ. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు వ్యక్తులకిచ్చే కొత్త చలన వడ్డీ (గడువు మధ్యలో రేటు మారుతుండే) గృహ రుణాలను బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. నాది రెపోకు ముడిపడినది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోగా రెపో 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. లక్ష రూపాయలకు 7 శాతం మీద 20 ఏళ్ల ఈఎంఐ సుమారు 775 రూపాయలు, అదే లక్షకు 9.5 శాతం మీద ఒక నెల వడ్డీయే 792 రూపాయలు. అంటే అప్పుడప్పుడే రుణం తీసుకున్నవారి ఈఎంఐ వడ్డీకే చాలని స్థితి. మా బ్యాంకు నన్ను అడగకుండానే గడువును పెంచుకుంటూ పోయింది, వచ్చింది ఒక చిన్న సందేశం మాత్రమే. దీన్ని నేను పెద్ద లోపంగానే లెక్కిస్తాను. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల తరువాత గడువు పెంచుకోవాలా, ఈఎంఐ పెంచుకోవాలా, రెండూ కలిపి చేసుకోవాలా అన్న ఎంపిక నా చేతికి వచ్చింది. ఈఎంఐ పెంచుకున్నాను. 2025లో రెపో 5.25కు దిగినప్పుడు, నేను దరఖాస్తు పెట్టకుండానే తగ్గింపు వర్తింపజేశారు, అది బ్యాంకు ఖాతాలో మంచి మార్కే. చలన వడ్డీ గృహ రుణానికి ముందస్తు చెల్లింపు రుసుము 2012 నుంచే లేదు గనుక, వీలున్నప్పుడల్లా అసలు తగ్గించుకుంటూ వచ్చాను.

రుణం తీరాక పత్రాలు తిరిగి ఇచ్చే విషయంలో 2023 సెప్టెంబరు నాటి ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి. పూర్తి చెల్లింపు జరిగిన 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలి, తాకట్టు నమోదులు తొలగించాలి. జాప్యానికి బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. పత్రాలు పోయినా పాడైనా ధ్రువీకృత నకళ్లు తీసుకోవడానికి సాయపడి ఆ ఖర్చు భరించాలి, అందుకు మరో 30 రోజుల వ్యవధి ఉంటుంది. నాకు ఇచ్చిన కట్టలో ఒక పాత లింక్ డాక్యుమెంటు లేదు. బ్రాంచిలో తొలి జవాబు "మాకు అందలేదు" అని. ముద్రతో ఉన్న జాబితా చూపాక పత్రాల కేంద్ర గిడ్డంగికి మళ్లీ రాశారు, గడువులోపే అది దొరికింది. ఆ జాబితా లేకపోతే నా మాటకు ఆధారం ఉండేది కాదు.

పత్రాలు చేతికి వచ్చినంత మాత్రాన పని అయిపోదు. రిజిస్టరైన మెమోరాండం ఈసీలో అలాగే నిలిచి ఉంటుంది, బ్యాంకు అధికారి సంతకంతో తాకట్టు విడుదల దస్తావేజు కూడా రిజిస్టరు కావాలి. అధికారి వీలు కుదరక ఇది కొంత ఆలస్యమైంది, రాతపూర్వకంగా గుర్తుచేశాకే కదిలింది. ఆ తరువాత కొత్త ఈసీ తీసి విడుదల నమోదైందని సరిచూసుకున్నాను, సెర్సాయ్‌లో బ్యాంకు హక్కు తొలగినట్లు కనిపించే పుట ముద్రించి, తిరిగి వచ్చిన దస్తావేజులతో కలిపి భద్రపరిచాను.