నా 1060 కోసం ఎవరూ ఆగక్కర్లేదు, కానీ...

గేములు చేసేవాళ్లు పాత కంప్యూటర్ల కోసం ఆగాలా, వాటిని వదిలేసి ముందుకెళ్లాలా? పాత కార్డు ఉన్నవాడిగా నా మాట చెబుతా. 2017 డిసెంబరులో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో మెట్లెక్కి దిగి, నాలుగు షాపుల్లో రేటు కనుక్కుని కొన్న కార్డు ఇది. ఎన్విడియా జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, అంటే గేమ్ బొమ్మలు గీసేది, 6 జీబీ మెమరీతో. క్రిప్టో మైనింగ్ వాళ్లు కార్డులన్నీ ఎగరేసుకుపోతున్న రోజులవి, రేట్లు మండిపోతున్నాయి. 3 జీబీది చవగ్గా వస్తుంది, చాలు తీసుకోమని ఒక షాపతను తెగ నచ్చజెప్పాడు. నాన్న ఇచ్చిన డబ్బుకు నా ట్యూషన్ల డబ్బు మూడు వేలు కలిపి 6 జీబీదే తెచ్చుకున్నా. ఎనిమిదేళ్లు వాడాక చెబుతున్నా, ఈ కంప్యూటర్ మీద పెట్టిన ఖర్చులో బాగా గిట్టుబాటైంది ఆ మూడు వేలే.

మిగతా సిస్టమ్: ఐ5 7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, 1080పీ మానిటర్. లాక్‌డౌన్‌లో ర్యామ్ 16 చేశా. మరుసటి ఏడు హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టా. అంతకుమించి ఏమీ మార్చలేదు.

మొదటి నాలుగేళ్లు రాజభోగం. 2019లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీసీకి వచ్చినప్పుడు కంపెనీ సిఫార్సు చేసిన కార్డు సరిగ్గా ఇదే. 2020లో డూమ్ ఎటర్నల్ వెన్నలా నడిచింది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌కి 1060లో 3 జీబీదే కనీస అర్హత. స్టీమ్ అనే గేముల స్టోర్ సర్వేలో ఏళ్ల తరబడి మొదటి స్థానం ఈ కార్డుదే, 2022 చివర్లో గానీ జీటీఎక్స్ 1650 కార్డు దాన్ని దాటలేదు. ఇంతమంది చేతిలో ఉన్న కార్డును కాదని గేమ్ ఎవరు చేస్తారు? నా కార్డు గొప్పదనుకున్నా గానీ, చాలావరకు అది గుంపు బలం.

కష్టాలు లేవని కాదు. మూడో ఎండాకాలానికి ఫ్యాన్ ఎంత మోత మొదలుపెట్టిందంటే, పక్క గదిలోంచి నాన్న వచ్చి "లోపల మిక్సీ తిరుగుతోందా?" అని అడిగారు. విప్పి దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ కొత్తది రాస్తే పది డిగ్రీలు తగ్గింది. అప్పట్నుంచి ప్రతి ఉగాదికీ ఇల్లు దులిపేటప్పుడు దీన్నీ దులుపుతున్నా.

అసలు విషయానికొస్తే, నా సిస్టమ్‌లో ముందు చేతులెత్తేసింది కార్డు కాదు. ఒక పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్‌లో ఊరి బయట 55 ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) వచ్చేది, సంత వీధిలోకి అడుగుపెడితే 25. నీడలు తగ్గించా, రిజల్యూషన్ 720కి దించా, చివరికి గడ్డి కూడా పీకేశా. ఒక్క ఫ్రేమ్ పెరగలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు, కార్డు సగం పనితో ఖాళీగా కూర్చుంది. బొమ్మ నాణ్యత ఎంతైనా తగ్గించుకోవచ్చు. పైగా 2021లో సాఫ్ట్‌వేర్ పద్ధతి అయిన ఎఫ్‌ఎస్‌ఆర్ వచ్చాక తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించడం నా బోటి కార్డుల్లో కూడా కుదిరింది. కానీ సంతలో రెండొందల మంది ఎవరి పని వాళ్లు చేసుకోవాలంటే, దాన్ని సెట్టింగ్స్‌లో ఎలా తగ్గిస్తాం? ఆ లెక్కలు వేసే నా ప్రాసెసర్ నాలుగు కోర్లకు సరిపోవాలంటే సంతలో జనాన్నే తగ్గించాలి. అప్పుడు 16 కోర్లు ఉన్నవాడికీ అదే ఖాళీ సంత.

హార్డ్ డిస్క్ సంగతి ఇంకా చిత్రం. పదేళ్లుగా గేముల్లో హీరో ఊరికే రాళ్ల సందులో పక్కకు తిరిగి దూరుతుంటాడు, లేదా లిఫ్ట్‌లో నిలబడి కబుర్లు చెబుతుంటాడు. చాలాసార్లు ఆ సందు వెనక డిస్క్ తర్వాతి ప్రాంతాన్ని లోడ్ చేసుకుంటూ ఉంటుంది. హెల్‌డైవర్స్ 2 ఉదంతం చూడండి. డిస్క్ ముల్లు అటూ ఇటూ వెతుక్కోకుండా ఒకే ఫైల్‌ను చాలాచోట్ల కాపీ చేసి పెట్టారు. దాంతో పీసీలో గేమ్ 154 జీబీ అయింది. 2025 డిసెంబరులో ఆ కాపీలన్నీ తీసేస్తే సుమారు 23 జీబీకి దిగింది. పాత డిస్క్‌లో లోడింగ్ పెరిగింది కొన్ని సెకన్లే! కొద్దిమంది హార్డ్ డిస్క్‌ల కోసం అందరి ఎస్‌ఎస్‌డీల్లో 130 జీబీ వృథా. నాది 480 జీబీ డ్రైవ్, ఎంత మండుతుందో ఊహించుకోండి.

కాబట్టి నన్నడిగితే ముందు హార్డ్ డిస్క్‌ను వదిలేయండి, తర్వాత నాలుగు కోర్లను. సైబర్‌పంక్ 2077ను 2020లో పాత పీఎస్4 కన్సోల్‌కి కూడా ఇరికించబోయి, వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తీసేసే పరిస్థితి వచ్చింది. బాల్డర్స్ గేట్ 3 అయితే చవక రకం కన్సోల్ అయిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ (ఒకే తెరను పంచుకుని ఇద్దరు ఆడటం) కుదరక, దానికంటే బలమైన సిరీస్ ఎక్స్ వాళ్లూ 2023 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా ఎస్‌లో ఆ సౌకర్యం లేకుండా విడుదల చేయడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్నాకే. బలహీనమైన పెట్టె ఒక్కటి వరుస మొత్తాన్ని ఆపేసింది.

మరి కార్డు? 2019లో ఒక డ్రైవర్ అప్‌డేట్‌తో నా 1060లో కూడా రే ట్రేసింగ్ (వెలుగు దారిని అప్పటికప్పుడు లెక్కగట్టి గీయడం) ఆన్ చేసుకునే వీలిచ్చారు. ఆన్ చేశా. పెళ్లి ఆల్బమ్ తిప్పినట్టు ఒక్కో బొమ్మే వచ్చింది. దాని తప్పు కాదు, ఆ పనికి కావాల్సిన కోర్లు ఇందులో లేవు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్, 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ రెండూ కనీసం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ కావాలన్నాయి. తమ్ముడు కొత్త తరం 4060 కార్డులో డూమ్ ఆడుతూ "అన్నా, నీ దాంట్లో అసలు ఎక్కదా?" అనడిగాడు. బాధేసింది, కోపం మాత్రం రాలేదు. రే ట్రేసింగ్ ఉంటే, వెలుగునూ నీడలనూ ముందే లెక్కగట్టి గోడలకు అతికించే చాకిరీ గేమ్ చేసేవాళ్లకు తప్పుతుంది. ఒక గోడ జరిపితే మళ్లీ గంటలకొద్దీ లెక్క వేయక్కర్లేదు. 2016 నాటి డిజైన్ కోసం ఆ చాకిరీ ఇంకా చేయమనడం న్యాయం కాదు.

నాకు కోపం వచ్చేది వేరే రకం మీద. పేరెందుకు గానీ, గత ఏడాది ఒక గేమ్ కొన్నా. చూడ్డానికి 2018 గేమ్‌లా ఉంది, అడగడం మాత్రం మూడింతలు. తలుపు తీసినప్పుడల్లా షేడర్లు (బొమ్మ ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యేదాకా గేమ్ బిగుసుకుపోతుంది. తమ్ముడి సిస్టమ్‌లోనూ అదే వరస. ఆ గేమ్ నన్ను వదిలేసి ముందుకు వెళ్లింది లేదు, ఉన్నచోటే బరువెక్కింది. రెండు గంటల్లోపే రీఫండ్ పెట్టా. మనసుంటే మార్గముంటుందని అలన్ వేక్ 2 చూపించింది. 2023 అక్టోబరులో వచ్చినప్పుడు మెష్ షేడర్లు (ఆకారాలు గీసే కొత్త పద్ధతి) లేని 10 సిరీస్ కార్డులను, అంటే నా 1060 తరాన్ని, దాదాపు పక్కన పెట్టేశారు, 2024 మార్చిలో ఒక ప్యాచ్‌తో వాటికీ కాస్త ఊపిరి పోశారు.

"కొత్తది కొనుక్కోవచ్చుగా" అనేవాళ్లకు ఒక మాట. కార్డు మీద 18 శాతం జీఎస్టీ, ర్యామ్ రేట్లు ఇప్పుడు ఆకాశంలో ఉన్నాయి. నా 7400కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఒకటి మారిస్తే బోర్డుతో సహా అన్నీ మార్చాలి, అంటే నాకు రెండు నెలల జీతం.

2025 అక్టోబరుతో ఈ కార్డుకు కొత్త గేముల డ్రైవర్లు కూడా ఆగిపోయాయి, ఇక భద్రతా అప్‌డేట్లే, అవి 2028 దాకా. అయినా పాత గేములకు, వాలరెంట్ లాంటి తేలికవాటికి ఇప్పటికీ దర్జాగా నడుస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటే 3 జీబీది ముట్టుకోవద్దు, అందులో కోర్లు కూడా తక్కువే. మైనింగ్‌లో నలిగినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. షాపులోనే అరగంట గేమ్ నడిపించి, ఫ్యాన్ మోత చెవి పెట్టి విని, అప్పుడు డబ్బులివ్వండి.