వోర్టెక్స్ వైపర్ పీఎస్‌టీ జెన్ 2, 5-25×50 స్కోప్: వెయ్యి గజాలకు ఇది చాలు

లాంగ్ రేంజ్ షూటింగ్ మొదలుపెడదామనుకునే మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఎన్ని ఎక్స్ కొనాలి?" ఎక్స్ అంటే స్కోప్ టార్గెట్‌ని ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందో ఆ లెక్క. వెయ్యి గజాల దూరం కాబట్టి 40ఎక్స్ కావాలి, ఇంకా డబ్బుంటే 60ఎక్స్ కొనాలి అనే లెక్కలో ఉంటారు. కొట్లలో అమ్మేవాళ్లు కూడా అదే ఎక్కిస్తున్నారు. ఈమధ్య మా డాలస్ వైపు ఒక దుకాణంలో, కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎక్కువ ఎక్స్ ఉన్న చౌక స్కోప్ అంటగట్టడం చూసి ఒళ్లు మండింది. ఆ అబ్బాయిని రైఫిల్ ఏంటి, ఎంత దూరం కొడతావు, టార్గెట్ కాగితమా స్టీలా అని ఒక్క మాట అడగలేదు.

నేను ఈ వైపర్‌ని 6.5 క్రీడ్‌మోర్ రకం తూటా పేల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ మీద పెట్టి టెక్సస్ ఎండల్లో వాడుతున్నా, న్యూ మెక్సికోలో రటోన్ దగ్గర ఉన్న ఎన్‌ఆర్‌ఏ విటింగ్టన్ సెంటర్ అనే షూటింగ్ రేంజ్‌కి కూడా తీసుకెళ్లా. ధర కొట్టును బట్టి, ఆఫర్లను బట్టి వెయ్యి డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఈ ధరలో వెయ్యి గజాలకు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. ఎందుకో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది తెలిస్తే మీరు వేరే కంపెనీది కొనుక్కున్నా సరిగ్గా కొనుక్కుంటారు.

ముందు ఈ 25ఎక్స్ సంగతి. పేరులో 5-25 అంటే 5 రెట్ల నుంచి 25 రెట్ల దాకా మార్చుకోవచ్చని. 25లో పెట్టి చూస్తే 100 గజాల దగ్గర కనబడే వెడల్పు 4.8 అడుగులు, అంటే వెయ్యి గజాల దగ్గర 48 అడుగులు. 15కి తగ్గిస్తే అది 80 అడుగులవుతుంది. 6.5 క్రీడ్‌మోర్ తూటా వెయ్యి గజాలు చేరడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుంది, ఆ టైములో రైఫిల్ వెనక్కి తన్ని, మళ్లీ కుదురుకుని, తూటా ఎక్కడ పడిందో దుమ్ము లేచిన చోటు మీరే చూసుకోవాలి. పక్కన స్పాటర్ (తూటా ఎక్కడ పడిందో చూసి చెప్పేవాడు) లేని రోజు ఇదే ప్రాణం. ఎక్కువ ఎక్స్‌లో పెట్టుకుంటే తన్నుకి టార్గెట్ కళ్లముందు నుంచి పోతుంది, అది దొరికేసరికి దుమ్ము అణిగిపోతుంది, రెండో రౌండుకి ఏం సరిదిద్దుకోవాలో తెలియదు. అందుకే పీఆర్‌ఎస్ (ప్రెసిషన్ రైఫిల్ సిరీస్, రకరకాల దూరాల్లో టైము పెట్టి కొట్టే పోటీలు) మ్యాచుల్లో ఆడేవాళ్లలో ఎక్కువమంది ఎంత ఖరీదైన స్కోప్ ఉన్నా 12 నుంచి 20ఎక్స్ మధ్యలోనే ఉంచుకుంటారు. నేను 15 దాటించేది గ్రూప్ (తూటాలు ఎంత దగ్గరదగ్గరగా పడుతున్నాయో) చూసుకోవడానికి, తుపాకీ జీరో చెయ్యడానికి (గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సర్దడానికి) మాత్రమే.

రెండోది వెలుతురు. ముందు అద్దం 50 మిల్లీమీటర్లు, దాన్ని ఎక్స్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు వృత్తం ఎంతో తెలుస్తుంది. 25 దగ్గర అది 2 మిల్లీమీటర్లే. మీ కన్ను కొంచెం పక్కకి జరిగినా నల్లటి నీడ పడుతుంది, స్టాక్ మీద బుగ్గ ఆనించే తీరు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. 15 దగ్గర 3.3 ఉంటుంది, కంటికి హాయి. చౌకరకం 50ఎక్స్ స్కోప్‌కి ఇదే 50 మిల్లీమీటర్ల అద్దం ఉంటే చివర్లో 1 మిల్లీమీటర్ మిగులుతుంది! దాంట్లోంచి సాయంత్రం పూట ఏం చూస్తారు చెప్పండి.

ఇక టెక్సస్ ఎండ. జూన్ వచ్చిందంటే పొద్దున పదింటికే నేల మీంచి వేడి అలలు లేస్తాయి. 25లో టార్గెట్ నీళ్లలో మునిగినట్టు కదులుతూ ఉంటుంది, అంచు ఎక్కడో తెలియదు. ఎక్స్ పెంచితే టార్గెట్‌తోపాటు ఆ మిరాజ్ (వేడి అలలు) కూడా పెరుగుతుంది, దాన్ని ఏ కంపెనీ అద్దమూ ఆపలేదు. 12కో 14కో తగ్గిస్తే బొమ్మ కుదురుకుంటుంది. పైగా మిరాజ్ శత్రువు కాదు, ఆ అలలు ఎటు పారుతున్నాయో చూస్తే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. డబ్బాలో వచ్చే సన్‌షేడ్ తప్పక బిగించండి, కాలిన బ్యారెల్ మీంచి లేచే వేడి అద్దం ముందుకి రాకుండా కొంత కాస్తుంది.

మరి 40, 60ఎక్స్ ఎవరూ కొనకూడదా అంటే, అలా కాదు. ఎఫ్-క్లాస్ అనే పోటీ ఆడేవాళ్లకి అవి నిజంగా అవసరం. వెయ్యి గజాల ఎఫ్-క్లాస్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 10 అంగుళాలు, లోపల ఎక్స్ రింగ్ 5 అంగుళాలు. దూరం మారదు, టార్గెట్ కదలదు, పడుకుని బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీదో రెస్ట్ మీదో తుపాకీ కుదురుగా పెట్టుకుని నిదానంగా కొడతారు. అక్కడ నైట్‌ఫోర్స్ కాంపిటీషన్ 15-55×52 లాంటివి, మార్చ్ 10-60×52 లాంటివి మామూలే. మీరు ఎఫ్-క్లాస్‌కే వెళ్తామంటే ఈ రివ్యూ వదిలేసి వాటి వైపు చూడండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. స్కోప్‌లో నేను డబ్బు పెట్టేది టరెట్ల మీద, అంటే గురిని పైకీ కిందకీ, పక్కలకీ జరిపే గుండీల మీద. వాటిని మిల్ లెక్కలో తిప్పుతాం; ఒక మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు, వెయ్యి గజాల దగ్గర ఒక గజం. 6.5 క్రీడ్‌మోర్‌లో 140 గ్రెయిన్ల బరువున్న తూటా, 100 గజాల జీరో, సెకనుకి 2700 అడుగుల వేగం అనుకుంటే వెయ్యి గజాలకు దాదాపు 9 మిల్ పైకి తిప్పాలి. వైపర్ టరెట్ ఒక చుట్టుకి 10 మిల్. అంటే వెయ్యి గజాల దాకా మొత్తం వ్యవహారం ఒక్క చుట్టులో అయిపోతుంది, "ఇప్పుడు నేను రెండో చుట్టులో ఉన్నానా, మొదటి చుట్టులోనా" అనే టెన్షన్ లేదు. జీరో స్టాప్ కూడా ఉంది, చీకట్లో చేత్తో తడిమి తిప్పినా జీరో దగ్గర ఆగిపోతుంది. రటోన్ సముద్రమట్టానికి 6 వేల అడుగుల పైన ఉంటుంది, గాలి పల్చన, అక్కడ అదే తూటాకి దాదాపు ఒక మిల్ తక్కువ పడుతుంది. బాలిస్టిక్ యాప్‌లో (ఎంత తిప్పాలో లెక్క కట్టే యాప్) ఎత్తు, ఉష్ణోగ్రత మార్చుకోకుండా ఇంటి దగ్గరి లెక్కతో కొడితే టార్గెట్ మీంచి వెళ్లిపోతుంది.

ఒక చిక్కుంది. ఈ స్కోప్‌లో పైకీ కిందకీ కలిపి మొత్తం సర్దుబాటు 20 మిల్, కాబట్టి మామూలు బేస్ (రైఫిల్ మీద స్కోప్‌ని నిలిపే పట్టీ) మీద పెడితే పైకి మిగిలేది సుమారు సగమే. 6.5 క్రీడ్‌మోర్‌కి బొటాబొటీగా సరిపోతుంది, .308 తూటాకి సరిపోదు, దానికి వెయ్యి గజాల దగ్గర 12 మిల్ దాకా కావాలి. 20 ఎంఓఏ (ఇదీ మిల్ లాంటి కోణం కొలతే) వాలు ఉన్న బేస్ కొనండి, ఇంకో 5.8 మిల్ పైకి వస్తుంది. ఆ బేస్ ఖర్చు స్కోప్ ధరలోనే కలుపుకుని లెక్క వేసుకోండి. స్కోప్‌ని బేస్‌కి పట్టి ఉంచే రింగులు కూడా అంతే, 30 మిల్లీమీటర్ల ట్యూబ్‌కి మంచివి కొనండి, స్క్రూలు టార్క్ రెంచ్‌తో 15 నుంచి 18 అంగుళాల-పౌండ్లకు మించకుండా బిగించండి. వెయ్యి డాలర్ల స్కోప్‌ని ఇరవై డాలర్ల రింగుల్లో పెట్టి జీరో నిలవట్లేదని కంపెనీని తిట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

టరెట్ చెప్పిన మాట నిజమేనా అని మీరే పరీక్షించాలి, ఏ స్కోప్ అయినా సరే. 100 గజాల దగ్గర పొడవాటి కాగితం పెట్టి, లెవెల్ పట్టి నిలువుగా గీత గీయండి. కింద చుక్కకి గురిపెట్టి కొట్టి, 10 మిల్ పైకి తిప్పి, మళ్లీ ఆ కింద చుక్కకే గురిపెట్టి కొట్టండి. సరిగ్గా 36 అంగుళాలు పైన, గీత మీదే పడాలి. దూరం టేపుతో కొలవండి, కొన్ని రేంజుల్లో 100 అని రాసేది గజాలు కాదు మీటర్లు, అప్పుడు 39.4 అంగుళాలు రావాలి. రెండు శాతం తేడా ఉందనుకోండి, 9 మిల్ తిప్పినప్పుడు వెయ్యి గజాల దగ్గర ఆరున్నర అంగుళాలు తప్పుతుంది, మీరేమో తూటా మీద, గాలి మీద అనుమానపడుతూ కూర్చుంటారు. నా వైపర్‌లో టేపుకి అందేంత తేడా కనబడలేదు, కిందకి తిప్పితే మొదటి రంధ్రం దగ్గరికే వచ్చింది. నాకు దీని మీద నమ్మకం కుదిరింది అక్కడే.

రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) ఈబీఆర్-7సీ, ఫస్ట్ ఫోకల్ ప్లేన్, అంటే ఏ ఎక్స్‌లో ఉన్నా గీతల కొలత మారదు. ఇది లేకపోతే "15కి తగ్గించుకో" అని నేను ఇంత ధీమాగా చెప్పేవాణ్ని కాదు. గంటకి 10 మైళ్ల అడ్డగాలి వెయ్యి గజాల దగ్గర ఈ తూటాని దాదాపు 2 మిల్, అంటే 6 అడుగులు పక్కకి నెడుతుంది. గాలి క్షణక్షణం మారుతుంది కాబట్టి టరెట్ తిప్పుతూ కూర్చోకుండా రెటికిల్ గీతల మీద పట్టి కొట్టేస్తాం. ఆ 6 అడుగుల్ని సరిగ్గా అంచనా వెయ్యడం ముందు 25కీ 35కీ తేడా ఎంత? అయితే 5ఎక్స్ దగ్గర ఈ రెటికిల్ సన్నగా వెంట్రుకలా అయిపోతుంది, పొదల వెనకున్న పందిని దగ్గర్లో కొట్టాలనుకునేవాళ్లకి నచ్చదు.

లోపాలు కూడా చెప్పాలి. 20ఎక్స్ దాటాక తెల్లటి స్టీల్ ప్లేట్ అంచున ఊదారంగు చార కనిపిస్తుంది. టరెట్ క్లిక్కులు కొంచెం మెత్తన, ఖరీదైన వాటిలో వినిపించే "టక్" ఉండదు. లాక్ లేదు, బ్యాగులోంచి తీసినప్పుడల్లా జీరో మీద ఉందో లేదో చూసుకోవాలి. బరువు 31.2 ఔన్సులు, వేటకి భుజాన వేసుకుని తిరగడానికి బరువే. మా బావ దగ్గర నైట్‌ఫోర్స్ అటాకర్ 7-35×56 ఉంది, దాని ధర దీనికి మూడు రెట్ల పైనే. దాంట్లోంచి చూస్తే అద్దం తేడా వెంటనే తెలుస్తుంది, క్లిక్కులు అద్భుతం, నాకు ఈర్ష్య కలిగే మాట నిజం. కానీ బావ కూడా మధ్యాహ్నం అయ్యేసరికి 16కి దింపేస్తాడు. నన్నడిగితే ఆ మిగిలిన డబ్బుతో ఒకే లాట్‌లో (ఒకే విడతలో) తయారైన మ్యాచ్ గ్రేడ్ తూటాలు కొనుక్కుని, గాలి చదవడం నేర్పే క్లాసుకి వెళ్లండి.

పారలాక్స్ అంటే కన్ను కదిలితే టార్గెట్ మీద రెటికిల్ జరిగినట్టు కనిపించడం. దాన్ని సర్దే గుండీ మీద రాసిన దూరాల్ని నమ్మకండి. ముందు కంటివైపు ఉండే ఐపీస్ తిప్పి రెటికిల్ స్పష్టంగా చేసుకోండి, తర్వాత తల కొద్దిగా పైకీ కిందకీ ఆడిస్తూ టార్గెట్ మీద రెటికిల్ జరగకుండా ఆగేదాకా పారలాక్స్ సర్దండి. అంకె ఏదైనా ఫర్వాలేదు.

వారంటీ జీవితకాలం, రసీదు అడగరు, చేతులు మారినా వర్తిస్తుంది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో దొరికినా ధైర్యంగా తీసుకోవచ్చు, కాగితం పరీక్ష మాత్రం మానొద్దు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఫెడరల్ చట్టం ప్రకారం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప మీరు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. రేంజ్‌కి వెళ్లేముందే లాయర్‌ని అడిగి తెలుసుకోండి, సరదా కోసం ఇమిగ్రేషన్ కేసు మీదికి తెచ్చుకోవద్దు.

మాకూ ఇలాంటి స్కోప్ కావాలా, తెచ్చిపెడతావా అని హైదరాబాద్ నుంచి తమ్ముళ్లు అడిగేదానికి కూడా ఇక్కడే చెప్పేస్తా. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ వాడరు, అద్దాలతో పెద్దది చేసి చూపించే పరికరమే ఆ పోటీలో కుదరదు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ ఉంటుంది. అకాడమీలో చేరుతున్న పిల్లలకి ఇది అక్కర్లేదు. ఇంకా, రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ నిబంధనల్లో ఉన్నాయి. ఎవరు ఎంత బతిమాలినా లైసెన్స్ సంగతి తేల్చుకోకుండా సూట్‌కేసులో పెట్టి ఇండియాకి తీసుకెళ్లకండి.