కాపీ అనుమానం వస్తే ఏది మేలు: తీసెయ్యడమా, మాటలు మార్చడమా, మూలం చెప్పడమా?

బాగ్దాద్ రాజధానిగా ఏలిన అబ్బాసీ ఖలీఫాల మీద ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసం చదువుతుంటే ఒక్కోసారి మధ్యలో శైలి చటుక్కున మారిపోతుంది. ఒక్క పేరాలోనే ‘జ’కి ‘డీజే’ అక్షరాలు, ‘క్యూ’ బదులు కింద చుక్క పెట్టిన ‘కే’ కనిపిస్తాయి. అది ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఇస్లాం రెండో ముద్రణ వాడిన పద్ధతి. 1954 నుంచి 2005 దాకా వెలువడిన ఆ సంపుటాలకు కాపీహక్కులున్నాయి. అంటే ఆ పేరాను అక్కడి నుంచే ఎత్తి రాశారేమో అని అనుమానం వస్తుంది.

ముందు ఎవరు ఎవరిని కాపీ కొట్టారో తేల్చాలి. వికీపీడియా నుంచి ఎత్తి రాసిన సైట్లూ పుస్తకాలూ బోలెడు. పేజీ చరిత్ర తెరిచి చూస్తే, ఆ పేరా ఏళ్ల తరబడి పలువురి చేతుల్లో పెరిగిందా, ఒక్క దిద్దుబాటులో పూర్తిగా దిగిందా తెలుస్తుంది. రెండోదైతే అనుమానం గట్టిపడుతుంది.

అప్పుడు చాలామంది చేసేది మాటలు మార్చడం. నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపించేది ఇదే. వాక్యాల వరుస, వాదన, ఎంచుకున్న ఉదాహరణలు అన్నీ అసలు రచయితవే ఉంటాయి, పైపూత మాత్రమే మారుతుంది. కాపీ పట్టే పరికరాలకు దొరకదు, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. పైగా చరిత్ర చెడుతుంది. ఖలీఫా హారూన్ రషీద్ కొడుకులు అమీన్, మామూన్‌ల అన్నదమ్ముల పోరులో బాగ్దాద్ ముట్టడి 812లో మొదలై 813 దాకా, ఏడాదికి పైగా సాగింది. మూలంలోని మాట కనపడకూడదని ‘ముట్టడి’ తీసి ‘దాడి’ అని పెడితే, నగరం నెలల తరబడి పడిన నరకం ఒక్కరోజు గొడవగా మారిపోతుంది.

మూలం పేరు చెప్పేస్తే సరిపోదా? పాత పుస్తకాలకు సరిపోతుంది. 1911 నాటి బ్రిటానికాకు కాపీహక్కులు తీరిపోయాయి కాబట్టి, అక్కడి నుంచి తీసుకున్నామని చెప్పే మూస (టెంప్లేట్) పెడితే చాలు. అయినా వందేళ్ల నాటి ఐరోపా పండితుల తీర్పులను అలాగే మోసుకురావడం నాకు నచ్చదు. కాపీహక్కులున్న పుస్తకమైతే ఫుట్‌నోట్ ఇచ్చినా పేరాలకు పేరాలు ఎత్తి పెట్టకూడదు. చిన్న ఉల్లేఖనకైనా కొటేషన్ గుర్తులు ఉండాల్సిందే. ఈ విషయంలో తబరీ మనకు పాఠం చెబుతాడు. 923లో కన్నుమూసిన ఆ చరిత్రకారుడు, ఏ కథనం ఎవరి నోట ఎవరి ద్వారా వచ్చిందో గొలుసుకట్టుగా పేర్లు చెబుతూ రాశాడు.

అందుకే నా ఓటు తీసెయ్యడానికే, అదీ కాపీ చేసిన భాగం వరకే. వ్యాసం మొత్తం ఎగరగొడితే నిజాయితీగా రాసినవాళ్ల కష్టం కూడా పోతుంది. ఆ భాగం తొలగించి, పేజీ చరిత్రలో మిగిలిన పాత కూర్పులను దాచమని నిర్వాహకులను అడగాలి. తర్వాత రెండు మూడు పుస్తకాలు చదివి, వాటిని పక్కన పెట్టి, కొత్తగా రాయాలి. అబ్బాసీల కొలువులో మంత్రులుగా వెలిగిన బర్మకీలు 803లో పతనమయ్యారన్న వాస్తవం ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఒక చరిత్రకారుడు విడమరిచి చెప్పిన తీరు మాత్రం అతనిదే.

రాసినవారిని దొంగ అనకుండా, పుస్తకంలోని పేరానూ వ్యాసంలోని పేరానూ పక్కపక్కన పెట్టి చర్చా పేజీలో మర్యాదగా అడగండి. చాలామందికి నియమం తెలియక జరుగుతుంది. జవాబు వచ్చినా రాకపోయినా వారి మిగతా దిద్దుబాట్లు తప్పక చూడండి. హారూన్ వ్యాసంలో అతికించినవారు, అదే పుస్తకంలోంచి మామూన్ వ్యాసంలోనూ అతికించి ఉండొచ్చు.